నడుము సరిచేసే బల్లకు విడిభాగాలు ఏవి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఫిజియోథెరపీ క్లినిక్‌లలో, కైరోప్రాక్టిక్ (చేత్తో ఒత్తి వెన్ను, నడుము సరిచేసే వైద్యం) సెంటర్లలో వాడే బల్లలకు అరిగిపోయిన భాగాలు మార్చడానికి మన దక్షిణ తెలంగాణ జిల్లాల్లో స్పేర్లు దొరకడం లేదు. అమ్మినవాళ్లు ఇవ్వడం లేదు, ఇవ్వమని అడిగే చట్టం లేదు. దొరకని చోట ఏదో ఒకటి వేసి నడిపిస్తున్నారు. దాని మీద పడుకునేది మనుషులు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నల్లగొండలో దవాఖాన మంచాలు, ట్రాక్షన్ బల్లలు, ఫిజియో బల్లలు రిపేరు చేస్తాను. అంతకుముందు లేత్ మిషన్ మీద పని. ఇటు మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ, అటు కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ దాకా పిలుస్తారు. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి చుట్టుపక్కల ఫిజియో క్లినిక్‌లు కూడా పెరిగాయి, మంచిదే. వచ్చేవాళ్లంతా కష్టం చేసే మనుషులు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, పోచంపల్లి దిక్కు గుంట మగ్గం మీద పొద్దంతా వంగి కూర్చునే నేతన్నలు, తాటిచెట్టు మీద నుంచి జారిపడి ఏళ్ల తరబడి నడుము పట్టుకుని తిరిగే గీత కార్మికులు, పత్తి చేన్లలో కూలికి పోయే ఆడవాళ్లు, ఆర్టీసీ డ్రైవర్లు. రోజు కూలి వదులుకుని వచ్చి ఆ బల్ల మీద బోర్లా పడుకుంటారు. బల్ల కింద ఏముందో వాళ్లకు కనపడదు. కనపడేది నాకే, ఎందుకంటే నేను దాని కింద వెల్లకిలా పడుకుని పని చేస్తాను.

ఈ వైద్యం మంచిదా కాదా అన్న చర్చలోకి నేను పోను. అది డాక్టర్లు తేల్చాల్సిన విషయం. బల్ల సంగతి మాత్రం నేను చెప్పగలను.

కైరో బల్ల మామూలు మంచంలాగా ఒకే పలక కాదు. తలకు, ఛాతీకి, నడుముకు, తుంటికి వేర్వేరు ముక్కలుగా ఉంటుంది. కొన్ని ముక్కల కింద డ్రాప్ అనే ఏర్పాటు ఉంటుంది. లివర్ లాగితే ఆ ముక్క సుమారు అర ఇంచు పైకి లేచి ఒక క్యాచ్ మీద ఆగుతుంది. పక్కన బిగువు మార్చే టెన్షన్ నాబ్ ఉంటుంది. పడుకున్న మనిషి బరువుకు క్యాచ్ జారకూడదు, డాక్టరు చేత్తో ఒత్తగానే జారాలి. ఆ రెండింటికీ మధ్యన నాబ్‌తో సెట్ చేస్తారు. ఒత్తిన క్షణంలో ముక్క కిందికి పడి రబ్బరు స్టాపర్ మీద టక్కున ఆగుతుంది. ఆ కదలిక వల్ల చెయ్యి తక్కువ బలం పెట్టినా పని జరుగుతుంది. అంటే డాక్టరు చెయ్యి ఎంత ముఖ్యమో, ఆ క్యాచ్, ఆ స్ప్రింగు, ఆ రబ్బరు అంతే ముఖ్యం. వీటిలో ఏది అరిగినా పని లెక్క తప్పుతుంది.

అన్నిటికంటే ముందు అరిగేది క్యాచ్. కొత్తగా ఉన్నప్పుడు దాని పెదవి పదునుగా, చదునుగా ఉంటుంది. రోజుకు ఎన్నో సార్లు ఎక్కి దిగేసరికి ఆ అంచు గుండ్రంగా అయిపోతుంది. వేలు పెట్టి రాస్తే నున్నగా జారుతుంది. అప్పుడు ముక్క సరిగ్గా నిలవదు. సన్నగా ఉన్న మనిషి పడుకుంటే నిలుస్తుంది, లావుగా ఉన్న మనిషి పడుకోగానే డాక్టరు చెయ్యి వెయ్యకముందే పడిపోతుంది. అసలే నొప్పితో ఒళ్లు బిగబట్టుకుని ఉన్న మనిషి ఆ కుదుపుకు ఉలిక్కిపడతాడు. కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. డాక్టరేమో నాబ్‌ను ఇంకాస్త తిప్పుతాడు. అలా తిప్పుతూ పోతే ఒకనాటికి నాబ్ చివరికి వచ్చేస్తుంది. ఇక తిప్పడానికి ఏమీ ఉండదు.

మిర్యాలగూడలో ఒక క్లినిక్‌లో ఇలాంటి బల్లే చూశాను. నాకంటే ముందు ఎవరో గేట్లు చేసే వెల్డర్‌ను పిలిపించారట. ఆయన అరిగిన పెదవి మీద వెల్డింగ్ పోసి, గ్రైండర్‌తో చెక్కి ఇచ్చాడు. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. కానీ ఆ క్యాచ్‌ను మొదట గట్టిపరిచిన ఉక్కుతో చేసి ఉంటారు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోయింది. మామూలు రాడ్డుతో పోసిన లోహం మెత్తన. కొన్నాళ్లకే మళ్లీ గుండ్రం అయింది, ఈసారి ఎదురుగా ఉన్న పిన్నును కూడా తినేసింది. ఆ వెల్డర్‌ను నేను తప్పు పట్టను. ఆయనకు ఎవరూ చెప్పలేదు, అసలు భాగం ఎక్కడ దొరుకుతుందో ఆ క్లినిక్ వాళ్లకూ తెలియదు. నేను ఈఎన్-8 ఉక్కు తెచ్చి, క్యాచ్, పిన్ను రెండూ కొత్తగా చేసి, హీట్ ట్రీట్‌మెంట్‌కు హైదరాబాద్ పంపించి వేశాను. రెండూ కలిపి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే కొత్తది కూడా తొందరగా పోతుంది.

ఇక స్ప్రింగు. దీని దగ్గర జరిగే తప్పు మీ పాఠకుల్లో మెకానిక్‌లు ఉంటే వాళ్లకు తెలియాలి. పాత స్ప్రింగు పట్టుకుని సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ పోతారు. పొడుగు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, తీగ కొంచెం లావుగా ఉంది, "ఇంకా గట్టిది, మంచిదే" అని తెస్తారు. 3 మిల్లీమీటర్ల తీగ ఉన్న చోట 3.5 వేస్తే అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతం లెక్కన (మందాన్ని నాలుగుసార్లు గుణించినట్టు) పెరుగుతుంది. చుట్లు, వెడల్పు అవే ఉంటే ఆ అర మిల్లీమీటరుకు బిగువు దాదాపు రెట్టింపు దగ్గరికి పోతుంది. అప్పుడు ముక్క పడాలంటే డాక్టరు దాదాపు రెట్టింపు బలం పెట్టాలి. ఆ బలం ఎవరి వెన్ను మీద పడుతుంది? కాబట్టి పొడుగు, వెడల్పు, తీగ మందం, చుట్లు నాలుగూ కొలవాలి. తీగ మందం టేపుతో కాదు, వెర్నియర్‌తో చూడాలి. ఒకే ముక్క కింద రెండు స్ప్రింగులుంటే రెండూ మార్చాలి, లేకపోతే ముక్క ఒక పక్కకు ఒరిగి పడుతుంది.

రబ్బరు స్టాపర్లు చిన్నవి, చవకవి, అయినా వాటిని ఎవరూ పట్టించుకోరు. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తాయి. ఇనుము మీద ఇనుము పడి పెద్ద చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని ఎముక కూర్చుందని అనుకునే పేషెంట్లు ఉన్నారు. చప్పుడు గట్టిగా వస్తేనే డబ్బులకు న్యాయం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ చప్పుడు బల్లది. రబ్బరు పోయిన బల్ల ఇంకా గట్టిగా మోగుతుంది, ఆ దెబ్బ మనిషికీ తగులుతుంది, ఫ్రేముకూ తగులుతుంది. నేను చూసిన కొన్ని బల్లల్లో ఫ్రేము వెల్డింగ్ పగలడానికి మొదలు అక్కడే.

ఇక్కడ బోల్టుల సంగతి ఒకటి చెప్పాలి. కైరోప్రాక్టిక్ చికిత్సను 1895లో అమెరికాలో డేవన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ మొదలుపెట్టాడు. డ్రాప్ బల్లతో చేసే పద్ధతి 1950లలో క్లే థాంప్సన్ అనే ఆయన వల్ల వ్యాపించింది. అందుకని అమెరికా నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చిన బల్లలకు ఇంచు కొలతల బోల్టులు ఉంటాయి. మన దగ్గర చేసినవాటికి, చైనా నుంచి వచ్చేవాటికి మిల్లీమీటర్ బోల్టులు. సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు, రెండున్నర సూత్ బోల్టు అంటే 7.94 మిల్లీమీటర్లు. మన 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. దాని మరలు ఇంచుకు 18, అంటే ఒక్కో మర 1.41 మిల్లీమీటర్లు. మన 8 ఎంఎం బోల్టుకు 1.25. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి తిప్పితే మొదట రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. "టైటుగా ఉంది, బాగుంది" అనుకుని పానా మీద బలం పెడతారు. లోపల మర చెడిపోతుంది. హెడ్ పీసును పట్టి ఉంచే బోల్టు అలా చెడితే, మనిషి తలను ఆపుతున్నది సగం మరే. మెడ మీద చెయ్యి వేసి పని చేసేటప్పుడు ఆ తల ముక్క కదలకూడదు. మరలు కొలిచే థ్రెడ్ గేజ్ పెద్ద ఖరీదు కాదు. ఈ బల్లల మీద పని చేసే ప్రతివాడి జేబులో అది ఉండాలి. నైలాన్ ఉన్న లాక్ నట్లు ఒకసారి విప్పితే పారేసి కొత్తవి వెయ్యాలి. ఈ మాట నేను చెప్పని క్లినిక్ లేదు.

పైన కుషన్ల గురించి తక్కువే చెప్తాను. సోఫాలు కుట్టేవాళ్లకు ఇస్తే సోఫా ఫోమ్ పెడతారు. మెత్తగా ఉందని పేషెంట్లు సంతోషపడతారు గానీ, డాక్టరు ఒత్తిన ఒత్తిడి ఆ ఫోమే మింగేస్తుంది. కింద గట్టిది, పైన పల్చగా మెత్తనిది ఉండాలి. మందం పాతదాని కొలతే ఉండాలి. మందం పెరిగితే డ్రాప్ ముక్క పక్క ముక్కకు రాసుకుని మధ్యలో ఆగిపోతుంది. రెక్సిన్ పగిలితే లోపలికి చెమట, నూనె పోతాయి, ఎంత తుడిచినా శుభ్రం కాదు. స్పిరిట్ పెట్టి రోజూ రుద్దడం వల్ల కూడా రెక్సిన్ తొందరగా బిరుసెక్కి పగులుతుంది. సబ్బు నీళ్లతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టాలి. ముఖం పెట్టుకునే చోట ప్రతి మనిషికీ పేపరు మార్చాలి.

ఎత్తు పెంచే కొన్ని బల్లల్లో గ్యాస్ స్ప్రింగు ఉంటుంది. దానిలో నైట్రోజన్ ఎక్కువ ప్రెషర్‌లో నింపి ఉంటుంది. కారిందని విప్పడం, కోయడం, దాని దగ్గర వెల్డింగ్ పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. దాని ఒంటి మీద ఎన్ని న్యూటన్ల బలమో రాసి ఉంటుంది. అంతే రాసి ఉన్న కొత్తది వెయ్యాలి. మోటారు బల్లలు అమెరికావైతే 120 వోల్టులకు చేసినవి, మన దగ్గర 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టి మోటారు కాల్చుకున్నవాళ్లున్నారు.

నల్లగొండ మనిషిగా ఒక మాట రాయకుండా ఉండలేను. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మిషన్ భగీరథ నీళ్లు ఇంటికి వచ్చాయి, సంతోషం. కానీ పాతికేళ్లో ముప్పయ్యేళ్లో ఆ బోరు నీళ్లు తాగిన వెన్నెముక వెనక్కి రాదు. ఫ్లోరోసిస్‌లో ఎముక పైకి మందంగా కనపడినా పెళుసుగా ఉంటుంది, వెన్నుపూసల మధ్య నరాలు పోయే దారి ఇరుకవుతుంది. ఇలాంటి మనిషిని ఎక్స్‌రే చూడకుండా డ్రాప్ బల్ల ఎక్కించకూడదని నాతో చెప్పిన డాక్టర్లు ఉన్నారు. నేను పని చేసే చోట బల్ల సరిచేసి అప్పజెప్పేటప్పుడు ఈ మాట మళ్లీ చెప్తాను. అరిగిన క్యాచ్ ఉన్న బల్ల మీద అలాంటి పెద్దాయన పడుకున్నాడంటే, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే ముక్క పడొచ్చు. మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఆ నీళ్లే తాగారు. అందుకే ఇది నాకు మామూలు రిపేరు పని అనిపించదు.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వస్తాను. ఆ మధ్య దేవరకొండ దిక్కు ఒక క్లినిక్ బల్లకు తుంటి ముక్క కింద లివర్ విరిగింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే "ఆ మోడల్ ఆపేశాం, స్పేర్లు లేవు, కొత్త బల్ల తీసుకోండి" అన్నారు. కనీసం డ్రాయింగ్ పంపండి, నేనే చేసుకుంటాను అన్నాను. డ్రాయింగ్ ఇవ్వం అన్నారు. స్ప్రింగు తీగ మందం ఎంతో చెప్పమన్నాను. అదీ చెప్పలేదు. అప్పు తీసుకుని క్లినిక్ పెట్టుకున్న ఆ అమ్మాయికి కొత్త బల్ల కొనే స్తోమత లేదు. విరిగిన రెండు ముక్కలు కలిపి కొలతలు తీసి లివర్ చేసి ఇచ్చాను. అది పని చేస్తోంది. కానీ కంపెనీ చేతిలో ఉన్న కొలతను నేను విరిగిన ముక్కల నుంచి ఊహించాల్సిన అవసరం ఏముంది?

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ మీద ఒక కమిటీ వేసింది. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు కొన్నవాడికి ఉండాలి, కంపెనీలు స్పేర్లు, మాన్యువల్ అందుబాటులో ఉంచాలి అన్నది దాని ఉద్దేశం. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా పెట్టారు. మొదట తీసుకున్న రంగాలు నాలుగు. వ్యవసాయ పరికరాలు ఒకటి, మొబైల్ ఫోన్లు, ట్యాబ్లెట్లు ఒకటి, ఫ్రిజ్, టీవీ లాంటి ఇంటి వస్తువులు ఒకటి, వాహనాలు ఒకటి. ట్రాక్టరు, ఫోన్ చేరాయి, చాలా మంచిది. మనిషిని పడుకోబెట్టే బల్ల చేరలేదు. ఫోన్ స్క్రీన్ పగిలితే ఎవరికీ దెబ్బ తగలదు. బల్ల క్యాచ్ జారితే తగులుతుంది. చికిత్స పరికరాలను, కనీసం కదిలే భాగాలున్న బల్లలను, మంచాలను ఈ జాబితాలో చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

సర్కారు దవాఖానలకు కొనేటప్పుడు టెండరులోనే ఒక షరతు పెట్టొచ్చు. బల్లతోపాటు ఒక సెట్టు క్యాచ్‌లు, పిన్నులు, స్ప్రింగులు, రబ్బరు స్టాపర్లు, బుష్షులు (కదిలే కీళ్ల దగ్గర వేసే గొట్టం ముక్కలు) ఇవ్వాలి. ప్రతి భాగానికి నంబరు, కొలత రాసిన కాగితం బల్లతోనే రావాలి. ఇది పెద్ద ఖర్చు కాదు. 2015 నుంచి జాతీయ ఆరోగ్య మిషన్ కింద సర్కారు దవాఖానల పరికరాలు చూసుకునే ఏర్పాటు ఒకటి ఉంది. పెద్ద పెద్ద మిషన్లతోపాటు ఈ బల్లలను కూడా ఆ లెక్కలోకి గట్టిగా తేవాలి. ప్రైవేటు క్లినిక్‌లు కూడా కొనేముందు రెండు ప్రశ్నలు అడగాలి. స్పేర్లు ఎన్నేళ్లు ఇస్తారు? కాగితం మీద రాసి ఇస్తారా? రాసి ఇవ్వకపోతే ఎంత చవకైనా వద్దు. ఇచ్చిన మాట తప్పితే 1915కు ఫోన్ చెయ్యొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

క్లినిక్ నడిపేవాళ్లకు ఇంకో చిన్న విన్నపం. పొద్దున పేషెంట్లు రాకముందు ప్రతి డ్రాప్ ముక్కను ఒకసారి పైకి లేపి, అరచేత్తో నెమ్మదిగా బరువు పెంచుతూ ఒత్తి చూడండి. పడే ముందు కిర్రుమన్నా, ఒక పక్క ముందు పడినా, నాబ్ నిన్నటికంటే ఎక్కువ తిప్పాల్సి వచ్చినా ఆ ముక్క వాడకండి. తల ముక్కను పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ఆడుతోందంటే బుష్షు పోయింది. దాన్ని మార్చేదాకా మెడ పని ఆపేయండి.

వేర్వేరు బల్లల స్ప్రింగుల కొలతలు, బోల్టుల మరలు, క్యాచ్ సైజులు నేను ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, ఖమ్మం దిక్కు ఇదే పని చేసే మెకానిక్‌లు ఉంటే మీ పత్రికకు రాయమనండి. నా కొలతలు ఇస్తాను, వాళ్లవి తీసుకుంటాను. కంపెనీలు ఇచ్చేదాకా కనీసం మన దగ్గరైనా ఒక పట్టిక తయారవుతుంది.

ఇట్లు,
ఫిజియోథెరపీ బల్లల మెకానిక్,
నల్లగొండ